ఎనిమిది వందల వానలకు ఒక డ్యూటీ చార్టు

మా అపార్ట్‌మెంటు రెండో అంతస్తు కంట్రోలర్ గారు పోయిన గురువారం పొద్దున పోయారు. పాల ప్యాకెట్ల కోసం నేను గేటు దాకా వెళితే, మా వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మామూలుగా లేవడు. "కంట్రోలర్ సారు డ్యూటీ దిగిండు సార్," అన్నాడు. ఎనభై రెండేళ్లు. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలారట, అంతే. దవాఖాన చూడలేదు, ఎవరినీ ఒక రాత్రి మేలుకోనివ్వలేదు.

ఆ రోజంతా మా మెట్ల మీద జనం. వింతేమిటంటే, వచ్చినవాళ్లు ఆయన గురించి ఏదో ఒకటి మొదలుపెట్టి, సగంలో నవ్వి, నవ్వినందుకు చుట్టూ చూసుకుని, ఎవరూ తప్పు పట్టడం లేదని గ్రహించి మిగతాది కూడా చెప్పేవారు. నేనూ ఆ వరసలోవాణ్ణే. ఆయన గురించి నేను చెప్పాల్సింది కొంచెం పెద్దది, పైగా నేను సందు దొరికితే పక్కదారి పట్టే రకం. ఓపిక పట్టండి.

ఆయన సర్కారు బస్సు డిపోలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశారు. ఏ బండి ఏ రూటులో పోవాలి, ఎవరు నడపాలి, ఎప్పుడు తిరిగి రావాలి, ఇదంతా చార్టు రాసి గోడకు అంటించేవాణ్ణి డిపో కంట్రోలర్ అంటారు. రిటైరయ్యాక మదీనాగూడలో ఫ్లాటు కొనుక్కున్నారు. అప్పటికి ఈ హైవే పక్కన ఇన్ని దుకాణాలు లేవట. డిపో పోయింది గానీ చార్టు పోలేదు. ఇస్త్రీ చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒక ఎర్ర పెన్సిలు. నీళ్ల ట్యాంకరుకు చార్టు, లిఫ్టు తుడవడానికి చార్టు, వినాయక చవితి తొమ్మిది రోజులూ ప్రసాదం ఎవరింటి నుంచో దానికీ చార్టు. అన్నీ లిఫ్టు లోపల అద్దం పక్కన అంటించేవారు. "జుట్టు దువ్వుకునెటోడు చార్టు సూడక తప్పదు," అనేవారు.

వాళ్లావిడ, మేమంతా అక్కా అని పిలిచే ఆమె, ఒకసారి నాతో చెప్పింది. "కూరలకు సుత చార్టే తమ్మీ. మంగళారం బీరకాయ అని రాసిండు. బజార్ల బీరకాయ లేకపోతే ఇగ బుధారం దాకా పచ్చిపులుసే."

ఆయన పక్కనే కూర్చుని పేపరు చదువుతూ, "రూటు క్యాన్సిల్ జేసే అధికారం నాకు లేదు," అన్నారు.

ఇక నా సంగతి. నేను గుడివాడ వైపు వాణ్ణి. ఇంటర్ తప్పి కూకట్‌పల్లి వచ్చి టీవీల రిపేరు నేర్చుకున్నాను, తర్వాత కంప్యూటర్లు. చదువంతా స్క్రూడ్రైవరుతోనే. హైటెక్ సిటీలో అద్దాల బిల్డింగులు లేచినప్పుడు వెనక తలుపులోంచి విజిటరు బ్యాడ్జి వేసుకుని లోపలికెళ్లి సర్వర్లకు మెమొరీ చిప్పులు మార్చి వచ్చేవాణ్ణి. ఇంగ్లీషు కూడా ఆ తెరల మీద వచ్చే తప్పుల పట్టీల్లోంచే నేర్చుకున్నాను. అందుకే నాకు ఇంగ్లీషులో కుశల ప్రశ్నలు రావు గానీ, హెచ్చరికలు మటుకు ధారాళంగా వస్తాయి. కంట్రోలర్ గారు నన్ను 'కంప్యూటర్ సాబ్' అనేవారు. అందులో ఎగతాళి ఎంత, మర్యాద ఎంత అన్నది ఆయన ఎప్పుడూ విడదీసి చెప్పలేదు.

ఆయన్ని నేను నిజంగా తెలుసుకున్నది రెండేళ్ల కిందట, ఒక శనివారం నుంచి సోమవారం దాకా.

మా ఐదో అంతస్తులో కిరాయికి ఒక అమ్మాయి ఉండేది. పాలమూరు వైపు పిల్ల, యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. ఆమె పని వానలు కురిపించడం. తెల్లాపూర్ నుంచి మా హైవే దాకా ఉన్న నేలనంతా, రోడ్లు, నాలాలు, చెరువులు, గేటెడ్ కమ్యూనిటీల ప్రహరీ గోడలతో సహా, కంప్యూటర్లో గీసుకుంది. దాని మీద ఒక వాన పోస్తుంది. ఎంత జోరుగా, ఎన్ని నిమిషాలు, ఏ దిక్కు నుంచి, నాలాలో చెత్త ఉందా లేదా. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో కంప్యూటరు లెక్కగట్టి చెబుతుంది. ఇలాంటివి ఎనిమిది వందల వానలు పోస్తే గానీ థీసిస్ పూర్తి కాదు. సోమవారం సాయంత్రం ఐదింటికి గడువు. రెండుసార్లు పొడిగించారు, మూడోసారి లేదన్నారు. దాటితే రిజిస్ట్రేషన్ పోయినట్టే, ఐదేళ్ల పని నీళ్లలో పోసినట్టే. సరిగ్గా ఆ వారమే వాళ్ల లాబ్‌లో పెద్ద కంప్యూటరు పాడై మూలన కూర్చుంది.

శుక్రవారం సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఉంటే పలకరించాను. సంగతంతా చెప్పింది. "పుణేలో మా ఫ్రెండ్ వాళ్ల లాబ్‌ల మిషన్ ఇస్తమంటున్నరు అంకుల్. జర ఆలోచిస్తున్న," అంది.

నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. ఒక ఇంట్లో కూర్చుని పనిని ముక్కలు చేసి వేరే ఇళ్లలోని కంప్యూటర్లకు పంచే సాఫ్ట్‌వేరు ఉంటుంది. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో తమ కంప్యూటరు ఖాళీ సమయాన్ని ఏవో శాస్త్రాల లెక్కలకు అలా అప్పగిస్తుంటారు. నేనూ మా ఇంట్లో ఏళ్ల తరబడి అలా నడిపిస్తున్నాను, ఏం కనిపెట్టారో నాకు తెలియదు గానీ. "పుణే ఎందుకమ్మా, మన అపార్ట్‌మెంటులో ఇరవై ఫ్లాట్లున్నాయి," అన్నాను.

కంప్యూటర్లు పోగుచేసే పని కంట్రోలర్ గారు తీసుకున్నారు. ప్రతి తలుపూ కొట్టి, "మీ ఇంట్ల కంప్యూటర్ ఎప్పుడెప్పుడు ఖాళీగ ఉంటది?" అని అడిగి రాసుకున్నారు. ఆఫీసువాళ్లిచ్చిన లాప్‌టాప్‌లు ముట్టుకోవద్దని మూడో అంతస్తు సాఫ్ట్‌వేరు ఆయన ముందే చెప్పాడు. తన సొంతానికి ఆటలాడుకునే పెద్ద కంప్యూటరు పెట్టె మాత్రం ఇచ్చాడు. మొత్తం పద్నాలుగు కూడాయి. శనివారం పొద్దున నేను ఇంటింటికీ వెళ్లి సాఫ్ట్‌వేరు పెట్టి, ఒక్కో కంప్యూటరు ఎన్ని వానలు ఒకేసారి పట్టగలదో తెర మీద చూసి రాసుకున్నాను. ఒకటి ఎనిమిది అంది, ఒకటి పన్నెండంది, మూడో అంతస్తు పెట్టె పదహారంది. కూడితే నూట ముప్పై ఆరు.

ఒక వానకు మూడు గంటలు పడుతుందని అమ్మాయి ముందే చూసిపెట్టుకుంది. మూడు గంటలకు నూట ముప్పై ఆరు చొప్పున ఆరు విడతలు. "రేపు పొద్దున టిఫిన్ వేళకి అయిపోతుందమ్మా," అన్నాను. కంట్రోలర్ గారు నా అంకెలతో చార్టు రాసి లిఫ్టులో అంటించారు. అమ్మాయి పుణే వాళ్లకు ఫోన్ చేసి అక్కర్లేదంది. వాళ్లు ఆ మిషన్ ఇంకొకరికి ఇచ్చేశారు.

పదింటికి మూడో అంతస్తు ఆయన ఇంట్లో కూర్చుని మొదలుపెట్టాం. ఒంటిగంటకు మొదటి విడత వానలు లెక్క తేలి తిరిగి రావాలి. ఒక్కటీ రాలేదు. రెండైంది, మూడైంది. ఈలోగా ఫ్లాట్ల నుంచి మనుషులు దిగడం మొదలైంది. నాలుగో అంతస్తు ఆవిడ, "మా దాంట్లో మౌసు కదలడం లేదండీ. వంటల వీడియో పెడితే అందులో వండే ఆవిడ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది," అంది. ఒకాయన తన లాప్‌టాప్ మీద చపాతీ వేడి చేసుకోవచ్చన్నాడు. ఇద్దరు తీసేసుకున్నారు. నాలుగున్నరకు మూడు వానలు వచ్చాయి. మూడే. అమ్మాయి నీళ్ల సీసా మీది కాగితాన్ని గోటితో గీకుతూ కూర్చుంది. తిట్టినా బాగుండేది.

కంట్రోలర్ గారు కుర్చీ తెచ్చుకుని నా పక్కన వేసుకున్నారు. "ఏంది సాబ్, ఏం గడబిడైంది?"

నేను అప్పటికే మూడో అంతస్తు పెట్టె ముందు కూర్చుని, పొద్దున చూడాల్సిన పేజీని అప్పుడు చూస్తున్నాను. అందులో రెండు అంకెలున్నాయి. కోర్లు ఎనిమిది. దాని కింద, లాజికల్ ప్రాసెసర్లు పదహారు. పొద్దున నా కళ్లు పెద్ద అంకె దగ్గరే ఆగాయి.

"కోరు అంటే పనిచేసే అసలు భాగం సార్. ఇందులో ఉన్నవి ఎనిమిదే. ఒక్కోదాన్ని రెండుగా చూపిస్తుంది. హైపర్ థ్రెడింగ్ అంటారు."

"ఒక్కదాన్ని రెండని జెప్తదా? గిట్ల దొంగ లెక్క ఎవరు రాసిన్రు?"

"దొంగ లెక్క కాదండి. ఒక పని నడుస్తూ మధ్యలో మెమొరీలోంచి సరుకు రావాలని ఆగుతుంది. ఆ సందులో కోరు ఖాళీగా ఉండకుండా రెండో పనిని అందిస్తారు. మామూలు పనులకు లాభమే. ఈ వానలు మటుకు ఎక్కడా ఆగవు, ఊపిరాడకుండా లెక్కగడుతూనే ఉంటాయి. పైగా ఒక్కో వాన బోలెడు మెమొరీ తింటుంది. రెండింతలు వానలు పెట్టేసరికి చోటు చాలక హార్డ్‌డిస్కులోకి మోసుకుపోయి, మళ్లీ తెచ్చుకుని..."

ఆయన చెయ్యెత్తి ఆపారు. కళ్లు మూసుకుని కాసేపు కూర్చున్నారు. డిపోలో గొడవలొచ్చినప్పుడు అలా కూర్చునేవారని అక్క తర్వాత చెప్పింది.

"నేను జెప్త, సూడు. దూరం బండికి ఇద్దరు డ్రైవర్లను ఇస్తం. ఒకడు అలసిపోతే ఇంకోడు నడుపుతడు, బండి ఆగది. మంచిగ లాభం. గాని ఇద్దరు డ్రైవర్లున్నరని రెండు బండ్లు గావు గద? మొదటోడు అలసిపోనే పోడు, స్టీరింగ్ ఇడువనే ఇడువడు అనుకో, ఇగ రెండోడు ఏం జేస్తడు?"

"కూర్చుంటాడు."

"ఊకె కూసోడు. ఒక సీటు ఆపుతడు. బ్యాగు పెట్టి ఇంకో సీటు ఆపుతడు. స్టీరింగ్ నాకియ్యి అని మొదటోన్ని గెలుకుతడు." కళ్లు తెరిచి నా కాగితం వైపు చూశారు. "నీ పెట్టె డ్రైవర్లను లెక్కబెట్టి బస్సులని జెప్పింది. నువ్వు నమ్మినవ్."

ఇరవై ఏళ్లు మెమొరీ చిప్పులు మార్చాను నేను. నాకంటే బాగా అర్థం చేసుకోవడానికి ఆయనకు పది నిమిషాలు పట్టింది. ఆ క్షణంలో సిగ్గుపడాల్సింది పోయి నవ్వొచ్చింది నాకు. అమ్మాయి కూడా నవ్వింది, ఆ రోజంతటికీ మొదటిసారి.

ఆ తర్వాత ఆయన చేసింది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. లిఫ్టులోని చార్టు దగ్గరకు నడిచారు. నేను చింపేద్దామని చెయ్యి చాపాను. ఆపారు. తప్పు చార్టును డిపోలో చింపరట. దాని మీద ఎర్ర గీత కొట్టి, కింద కంట్రోలర్ సంతకం పెట్టి, పక్కనే కొత్తది అంటిస్తారట. ఎవరైనా అడిగితే చూపించడానికి. ఆయన గీత కొట్టి సంతకం పెట్టారు.

"అంకెలు నావి సార్. సంతకం నేను పెట్టాలి," అన్నాను.

"అంటిచ్చింది నేను. సూడకుంట అంటిచ్చిన. డ్రైవర్ తప్పు పోతే డ్రైవర్ ను అడుగుతరు. చార్టు తప్పు పోతే కంట్రోలర్ ను అడుగుతరు. నువ్వు ఫికర్ జెయ్యకు, పోయి అసలు బండ్లు ఎన్నో రాసుకరా."

అసలు కోర్లు అరవై ఎనిమిది. తీసేసుకున్న ఇద్దరి ఇళ్లకూ ఆయనే వెళ్లి ఒప్పించి తెచ్చారు. కోరుకు ఒక వాన అన్నాను. ఒప్పుకోలేదు. ప్రతి ఇంట్లో ఒక కోరు ఖాళీగా ఉంచమన్నారు, ఇంటివాళ్ల కోసం. గడువు ముంచుకొస్తుంటే పద్నాలుగు కోర్లు ఖాళీగానా అని నేను వాదించాను. "స్పేర్ బండి లేకుండ డిపో నడిపెటోడు కంట్రోలర్ గాదు, జాతకాలు జెప్పెటోడు," అన్నారు. "నాలుగో అంతస్తామె వంటల వీడియో నడవాలె. నడిస్తెనే రేపు సుత కంప్యూటర్ ఇస్తది."

యాభై నాలుగు మిగిలాయి. మూడు గంటలకు యాభై నాలుగు వానలు. శనివారం సాయంత్రం ఆరింటికి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడితే, పదిహేను విడతలు, సోమవారం మధ్యాహ్నం మూడు. గడువుకు రెండు గంటలు మిగులు. అమ్మాయి ఆ కాగితాన్ని మూడుసార్లు కూడి చూసుకుంది.

ఆరింటికి మొదలైంది. తొమ్మిదికి, మేం కూర్చుని చూస్తుండగానే, వానలు ఒకటొకటిగా రావడం మొదలైంది. యాభై నాలుగూ వచ్చాయి.

ఆదివారం మా అపార్ట్‌మెంటు ఎలా ఉందో చెప్పాలి. జనం ఒకరినొకరు "టిఫినైందా" అని అడగడం మానేసి "మీ ఇంట్లో ఎన్ని వానలయ్యాయి" అని అడగడం మొదలుపెట్టారు. నాలుగో అంతస్తు ఆవిడ, "మా ఇంట్లో ఇరవై ఒకటి కురిశాయండీ, అన్నీ పెద్దవే," అని నాతో అంది. వానల్లో పెద్దవీ చిన్నవీ ఆమెకెలా తెలిశాయో నేనడగలేదు. కంప్యూటరు ఇవ్వనివాళ్లలో ఒకాయన పొద్దున్నే మా తలుపు కొట్టి, "మా ఆవిడ ముఖం చూపించుకోలేకపోతోందండీ, మాకూ రెండు వానలు ఇప్పించండి," అని ఒక పాత లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. అందులో కోర్లు రెండే. కంట్రోలర్ గారు దాన్ని కూడా చార్టులో రాశారు, ఒక బండి, ఒక స్పేరు.

ఆయన ఆ రోజంతా అంతస్తులు ఎక్కి దిగారు. లిఫ్టు ఉండగా మెట్లెందుకని అడిగితే, లిఫ్టులో వెళితే తలుపుల వెనక కంప్యూటర్ల ఫ్యాన్ల చప్పుడు వినబడదన్నారు. ఎవరైనా అలవాటు కొద్దీ లాప్‌టాప్ మూత వేసేస్తే పని ఆగిపోతుందని నేను చెప్పాను గదా, ప్రతి ఇంట్లోకీ తొంగిచూసి, "మూత వెయ్యకు బిడ్డా, బండి రోడ్డు మీదున్నది," అనేవారు. వచ్చిన ప్రతి వానకూ చార్టులో ఎర్ర పెన్సిలుతో ఒక టిక్కు.

సోమవారం పదకొండింటికి నాకు మళ్లీ పురుగు తొలిచింది. వంద పైచిలుకు వానలు మిగిలి ఉన్నాయి. రెండిళ్లలో కరెంటు పోయి వచ్చినందువల్ల కొన్ని మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. చేతిలో ఉన్న రెండు గంటల్లో ఒకటి అప్పటికే కరిగింది. "ఒక్క మూడు గంటల కోసం రెండో డ్రైవర్లను కూడా ఎక్కిద్దామా సార్?" అన్నాను, గొంతు తగ్గించి.

ఆయన కోప్పడలేదు. టీ గ్లాసు నా చేతిలో పెట్టారు. "ఆఖరి ట్రిప్పుల కంట్రోలర్‌కే తొందరైతే ఎట్ల సాబ్. తాగు."

అమ్మాయి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమె ఐదేళ్లు మా మాటల మధ్య ఉన్నాయి. "తాత చెప్పినట్టే కానియ్యి అంకుల్," అంది చివరికి.

నాలుగుకు పది నిమిషాలు తక్కువుండగా ఆఖరి వాన నాలుగో అంతస్తు నుంచి వచ్చింది. ఎనిమిది వందలు. కంట్రోలర్ గారు ఒక్కటే అడిగారు. "ఒక్క బండి సుత రోడ్డు మీద లేదు గద?"

"లేదు తాతా. అన్నీ వచ్చినయ్."

"మరి నువ్వు బయల్దేరు," అన్నారు. ఆమె పటాలు సర్ది, నాలుగూ నలభైకి థీసిస్ పంపేసింది. అప్పుడు గానీ ఏడవలేదు. ఏడుస్తూనే వాచ్‌మన్‌తో సహా అందరికీ ఐస్‌క్రీములు తెప్పించింది. కంట్రోలర్ గారు షుగరు మనిషి. తినడానికి అక్క వైపు చూశారు. అక్క గోడ వైపు చూసింది. తిన్నారు.

ఆ తర్వాత మా అపార్ట్‌మెంటులో ఆయన ప్రశ్న ఒకటి నిలిచిపోయింది. ఎవరైనా కొత్త లాప్‌టాప్ కొని ఇన్ని కోర్లు అన్ని కోర్లు అని చెప్పబోతే, "బస్సులా, డ్రైవర్లా?" అని అడిగేవారు. మూడో అంతస్తు సాఫ్ట్‌వేరు ఆయన ఆ ప్రశ్నను ఆఫీసుకు మోసుకుపోయాడు. వాళ్ల మీటింగుల్లో సర్వర్లు కావాలని ఎవరు అడిగినా ముందు అదే అడుగుతారట. ఎవరి మాటో అక్కడ ఎవరికీ తెలియదు. నేను ఈ సంగతి చెబితే కంట్రోలర్ గారు మురిసిపోలేదు. "జవాబు సరిగ జెప్తున్నరా మరి?" అన్నారు.

నాకు మాత్రం ఆయన వల్ల ఒక సుఖం దొరికింది. బడిలో చదువుకోనివాడికి తప్పు బయటపడుతుందేమోనని లోపల ఒక దడ ఉంటుంది, జీవితమంతా. తప్పును చింపకుండా గీత కొట్టి, సంతకం పెట్టి, పక్కనే ఒప్పును అంటించవచ్చని అరవై ఏడో ఏట తెలిసింది. దడ అంతా పోయిందనను, చాలా పోయింది.

ఆ ఏడు జూలైలో ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. తెల్లటి గోడలాంటి వాన. ఆ అమ్మాయి పటం ప్రకారం అలాంటి వానకు మా సర్వీసు రోడ్డు మలుపులో నలభై నిమిషాలకు మోకాలి లోతు నీళ్లు నిలవాలి. నేను బాల్కనీలోకి వచ్చి చూసేసరికి కంట్రోలర్ గారు అప్పటికే ఆ మలుపులో ఉన్నారు. ప్యాంటు తొడల దాకా మడిచి, ఒక చేత్తో గొడుగు, ఇంకో చేతి వాచీ కళ్లకు దగ్గరగా పెట్టుకుని. క్యాబులు హారన్లు కొడుతున్నాయి. తడిసిన ఐడీ కార్డుల పిల్లలు ఆగి, ఈ ముసలాయనకేమైందని చూస్తున్నారు. అక్క కింద నుంచి అరుస్తోంది, ఆయనకు వినపడదు. నీళ్లు మడమలు దాటాయి, పిక్కలు ఎక్కాయి. గాలికి గొడుగు తిరగబడితే దాన్ని అలాగే వదిలేశారు, అది తేలుతూ హైవే వైపు పోయింది. వాన మొదలై నలభై నిమిషాలు కావస్తుండగా ఆయన వాచీలోంచి తల ఎత్తి, వంగి మోకాలు తడిమి చూసుకుని, మా బిల్డింగు వైపు తిరిగారు. ఐదో అంతస్తు రెయిలింగు మీద అమ్మాయి నడుం దాకా వంగి చూస్తోంది. ఆయన ఒక చెయ్యి మోకాలి మీదే ఉంచి, రెండో చెయ్యి వానలోకి పైకెత్తి, అలాగే నిలబడ్డారు.